వెన్న శాతం

విస్కాన్సిన్ కార్ల నంబర్ ప్లేట్ల మీద "అమెరికా పాడి సీమ" అని అర్థమొచ్చే ముక్క ఒకటి ఉంటుంది, 1940 నించీ. పచ్చటి కొండవాలు, ఎర్ర కొట్టం, నలుపూ తెలుపూ ఆవులు... క్యాలెండర్ బొమ్మలా ఉండే ఈ రాష్ట్రం పుట్టుకతోనే పాడి సీమ కాదు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఇక్కడ పండింది గోధుమ. ఏటేటా అదే నేలలో అదే పైరు వేసి వేసి నేలలో సారం పోయింది. దానికి తోడు చించ్ బగ్ అనే నల్లి జాతి పురుగు పడింది. దాంతో రైతు గోధుమ వదిలి ఆవుల వైపు తిరగాల్సొచ్చింది.

ఆ తిరగడంలో మాడిసన్ లో ఉన్న యూనివర్సిటీ వ్యవసాయ కాలేజీది పెద్ద చెయ్యి అంటారు. ప్రాజెక్టు పని మీద నేను ఆర్నెల్లు ఆ ఊళ్ళో ఉన్నప్పుడు, సాయంత్రాలు ఆ కాలేజీ భవంతుల మధ్య హెన్రీ మాల్ అనే పచ్చిక పక్కన నడిచేవాణ్ణి. తరవాత ఆసక్తి పుట్టి ఆ కాలేజీ చరిత్ర కొంచెం ఓపిగ్గా చదివాను. చదివాక నాకు అనిపించింది ఇది: ఆ కాలేజీ చేసిన గొప్ప పనుల్లో చాలావాటికి మొదలు రైతుల తగువులే. తగువు తెచ్చింది రైతు. మరి జవాబు దొరికాక అది ఎవరిది? ఈ ప్రశ్న దగ్గరే కథ రసవత్తరంగా ఉంటుంది.

(మాడిసన్ అనగానే మనవాళ్ళకి హరగోవింద్ ఖొరానా గుర్తొస్తాడు. 1960 నించి 1970 దాకా ఆయన ఇక్కడే పనిచేశాడు, 1968లో నోబెల్ వచ్చిందీ ఇక్కడున్నప్పుడే. ఆయన సంగతి ఇంకోసారి. ఇవాళ నాక్కావల్సింది పాలూ, ఎలకలూ, ఎండుగడ్డీ.)

1862 జులై 2న లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం పెట్టాడు. యుద్ధం మధ్యలో ఈ పని పెట్టుకోవడం విచిత్రమే. వ్యవసాయం, యంత్ర విద్యలు నేర్పే కాలేజీ పెట్టుకోండి, ఖర్చుకి భూమి ఇస్తాం అని ఆ చట్టం సారాంశం. కాంగ్రెస్ లో ఆ రాష్ట్రానికి ఉన్న ఒక్కో సభ్యుడికీ 30,000 ఎకరాల చొప్పున. విస్కాన్సిన్ కి ఇద్దరు సెనేటర్లు, ఆరుగురు ప్రతినిధులు, వెరసి 2,40,000 ఎకరాలు. ఆ భూమి ఎక్కణ్ణించి వచ్చింది అంటే, మెనామినీ, ఒజిబ్వే లాంటి ఆదివాసీ జాతుల దగ్గర ఒప్పందాల పేరుతో తీసుకున్నదాంట్లోంచి. దేశం మొత్తం మీద ఇలా పంచిన భూమి కోటి ఎకరాల పైమాటేనని 2020లో ఇద్దరు రచయితలు దస్తావేజులు తిరగేసి లెక్క తేల్చారు. రైతుబిడ్డలకి చదువు చెప్పిన కాలేజీల పునాది కింద ఇంకొకరి నేల ఉంది. ఈ మాట చెప్పకుండా మిగతా కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

సరే, భూమి వచ్చింది. కాలేజీ పెట్టారు. కుర్రాళ్ళే రాలేదు! చట్టం వచ్చిన పదహారేళ్ళకి, 1878లో గానీ మొదటి వ్యవసాయ పట్టభద్రుడు బయటికి రాలేదు. రైతులకి ఈ వ్యవహారమంతా దండగమారి పనిలా కనిపించింది. పుస్తకం చూసి నాగలి పడతాడా అని వెక్కిరింత. రైతు సంఘాలైతే ఇంకో అడుగు ముందుకేసి, యూనివర్సిటీ నించి వ్యవసాయాన్ని విడదీసి వేరే కాలేజీ పెట్టమని పట్టుబట్టాయి. లాటిన్ చెప్పే పంతుళ్ళ కింద మా డబ్బు ఎందుకుండాలి అని వాళ్ళ వాదన. అందులో నాకు తప్పేం కనపడదు.

1880లో వచ్చిన విలియమ్ హెన్రీ అనే ప్రొఫెసరు ఈ గొడవని గదిలో కూచుని తీర్చలేనని గ్రహించాడు. రైతు కాలేజీకి రాకపోతే కాలేజీయే రైతు దగ్గరికి వెళ్ళాలి. 1885 నించి ఊరూరా రైతు సభలు మొదలయ్యాయి. చలికాలంలో, పొలం పని లేనప్పుడు, ప్రొఫెసర్లు రైలెక్కి వెళ్ళి టౌను హాళ్ళలో మాట్లాడేవాళ్ళు. వాళ్ళతో బాటు అనుభవం ఉన్న రైతులూ మాట్లాడేవాళ్ళు. అదే ఏడాది షార్ట్ కోర్స్ కూడా పెట్టారు. మంచు పడే నెలల్లో పల్లెటూరి కుర్రాళ్ళు కొన్ని వారాలు వచ్చి చదువుకుని వసంతానికి పొలానికి తిరిగి వెళ్ళొచ్చు. ప్రవేశ పరీక్ష లేదు, డిగ్రీ లేదు. డిగ్రీ క్లాసులు ఖాళీగా ఉంటే ఈ క్లాసులు నిండాయి.

అప్పటికి రాష్ట్రంలో వెన్న, జున్ను ఫ్యాక్టరీలు (జున్ను అంటే చీజ్ అని చదువుకోండి, మన జున్ను వేరు) బాగా లేచాయి. వాటి దగ్గర రోజూ తగువే. పాలు తూకం వేసి డబ్బిచ్చేవాళ్ళు. అలాగైతే ఏమవుతుంది? ఒకడు రాత్రి పాల మీద తేలిన మీగడ తీసుకుని మిగతావి తెస్తాడు. ఇంకోడు బావి దగ్గర ఆగి వస్తాడు. చిక్కటి పాలిచ్చే ఆవుని పెట్టుకున్న నిజాయితీపరుడికీ వాళ్ళకీ ఒకటే రేటు. ఇదెక్కడి న్యాయం అని వాడు కొట్లాడతాడు, లేకపోతే వాడూ బావి దగ్గర ఆగడం మొదలుపెడతాడు. పాలల్లో వెన్న ఎంతుందో కొలిచే పద్ధతులు అప్పటికే ఉన్నాయి గానీ వాటికి కెమిస్టు కావాలి, గంటలు పట్టేవి.

హెన్రీ ఈ సమస్యని స్టీఫెన్ బాబ్ కాక్ నెత్తిన పెట్టాడు. బాబ్ కాక్ 1888లో న్యూయార్క్ రాష్ట్రం నించి వచ్చిన కెమిస్టు, జర్మనీలో గోటింగెన్ లో డాక్టరేట్ చేసినవాడు. 1890లో ఆయన తెచ్చిన పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. సన్నటి పొడుగు మెడ ఉన్న సీసాలో 17.6 మిల్లీలీటర్ల పాలు పోస్తారు, దాదాపు అంతే గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోస్తారు. సీసా చెయ్యి కాలేంత వేడెక్కి, లోపల పాలు కాఫీ డికాషన్ రంగుకి తిరుగుతాయి. ఆసిడ్ పాలల్లో ఉన్న మాంసకృత్తుల్ని కరిగించేస్తుంది, కొవ్వు జోలికి పోదు. చేత్తో తిప్పే చక్రంలో సీసాలు గిర్రున తిప్పి, వేణ్ణీళ్ళు పోసి మళ్ళీ తిప్పితే, కొవ్వంతా తేలి సన్నటి మెడలోకి వస్తుంది. మెడ మీద గీతలుంటాయి. ఎన్ని గీతలో అంత శాతం. కెమిస్టు అక్కర్లేదు, లెక్కలు రానివాడైనా చదవచ్చు.

మన పల్లెల్లో పాలకేంద్రాలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మన దగ్గర ఎక్కువగా వాడింది దీని తమ్ముడు, స్విట్జర్లాండ్ లో గెర్బర్ అనే ఆయన తరవాత తెచ్చిన పద్ధతి. అందులోనూ ఆసిడే, తిప్పుడే, కాస్త అమైల్ ఆల్కహాల్ అదనం. ఆ ఘాటు వాసన, వరసగా నిలబెట్టిన సీసాలు, పక్కన పలక మీద పేర్లూ, పేరు కెదురుగా వెన్న శాతం... మా పెద్దమ్మకి చదువు రాదు గానీ "ఆరున్నర రావాల్సిన పాలకి అయిదూ ఎనిమిది వేశాడు" అని పాయింటుతో సహా పోట్లాడేది. గీత ఎక్కడ చదవాలన్నది చదివేవాడి కంట్లో ఉంటుంది కదా. కొలత వచ్చాక తగువు పోయిందని కాదు, కానీ తగువు ఒక అంకె చుట్టూ తిరగడం మొదలైంది. అంకె ఉంటే చదువు రాని ఆడమనిషి కూడా నిలదీయగలదు. నా దృష్టిలో బాబ్ కాక్ చేసిన పెద్ద పని అది.

ఇంకోటుంది. ఏ ఆవు పాలల్లో ఎంత వెన్న ఉందో రైతుకి మొదటిసారి తెలిసింది. మేత తిని గిన్నెడు నీళ్ళపాలిచ్చే ఆవుని అమ్మేసి, మంచి ఆవు దూడని ఉంచుకున్నాడు. మందలు మారిపోయాయి. బైబిల్ కంటే ఈ సీసాయే ఎక్కువమందిని నిజాయితీపరుల్ని చేసిందని అప్పట్లో ఒక పరాచికం కూడా ఉండేది.

బాబ్ కాక్ దీనికి పేటెంటు తీసుకోలేదు. తీసుకుంటే కోటీశ్వరుడయ్యేవాడు. కాలేజీ ప్రయోగ కేంద్రం బులెటిన్ లో మొత్తం పద్ధతి అచ్చేసి, చేసుకోండి అన్నాడు. ఆయన జీతం జనం డబ్బే. హాచ్ చట్టం కింద 1887 నించీ ఒక్కో రాష్ట్రానికీ పరిశోధన కోసం ఏడాదికి 15,000 డాలర్లు కేంద్రం ఇచ్చేది. జనం డబ్బుతో చేసింది జనానిది. సూటి లెక్క.

తరవాతి తరంలో ఆ లెక్క అంత సూటిగా సాగలేదు. అది చెప్పే ముందు ఒక పిడకలవేట. ఆవు మేతని కెమిస్ట్రీ లెక్కలతో తూచే పెద్దమనుషులంటే బాబ్ కాక్ కి వెటకారం. మీ లెక్క ప్రకారం చూస్తే బొగ్గు కూడా పందులకి భేషైన మేతే కదా అనేవాడట. ఆయన అనుమానాన్ని తేల్చడానికి 1907లో పదహారు పెయ్యల్ని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి మొత్తం మేత మొక్కజొన్న నించే, ఒకదానికి గోధుమ నించే, ఒకదానికి ఓట్స్ నించే, ఇంకోదానికి మూడూ కలిపి. కెమిస్ట్రీ కాగితం మీద నాలుగూ సమానం. నాలుగేళ్ళ తరవాత చూస్తే మొక్కజొన్న మందు నిగనిగలాడుతోంది, గోధుమ మంద చిక్కిపోయి దూడలు చచ్చి పుడుతున్నాయి. అంటే కాగితం మీద లేనిదేదో మేతలో ఉందన్నమాట.

ఆ లేనిదాన్ని వెతకడానికి ఎల్మర్ మెకాలమ్ అనే కుర్ర కెమిస్టు ఆవుల్ని వదిలి ఎలకల్ని పట్టుకున్నాడు. ఆవుతో నాలుగేళ్ళు పట్టేది ఎలకతో నెలల్లో తేలుతుంది. రైతుల డబ్బుతో ఎలకల్ని మేపుతారా అని పైవాళ్ళు ఒప్పుకోకపోతే, షికాగోలో తెల్ల ఎలకల్ని సొంత డబ్బుతో కొన్నాడు. వాటిని చూసుకున్నది మార్గరీట్ డేవిస్, అదీ జీతం లేకుండా. 1913లో ఇద్దరూ కలిసి తేల్చింది: వెన్నలో, కోడిగుడ్డు సొనలో ఎలకలు పెరగడానికి కావల్సిన పదార్థమొకటి ఉంది, పందికొవ్వులో, ఆలివ్ నూనెలో లేదు. అదే తరవాత విటమిన్ ఏ అయింది. పాడి సీమకి ఇంతకంటే మంచి వార్త ఉంటుందా!

అక్కడే చిక్కు మొదలైంది. పదహారు పెయ్యల ప్రయోగంలో చిన్న ఉద్యోగిగా ఉన్న హ్యారీ స్టీన్ బాక్ పెద్దయ్యాక, 1923-24లో, తిండి పదార్థాల మీద అతినీలలోహిత కాంతి పడితే వాటికి రికెట్స్ ని ఆపే గుణం వస్తుందని కనిపెట్టాడు. అంటే విటమిన్ డి. పిల్లల కాళ్ళు వంకర పోయే జబ్బు అప్పట్లో ఈ దేశపు పట్నాల్లో మామూలు. ఒక పెద్ద ఓట్స్ కంపెనీ దాదాపు పది లక్షల డాలర్లు ఇస్తాను, హక్కులు నాకిచ్చెయ్ అంది. స్టీన్ బాక్ ఇవ్వలేదు. అలాగని బాబ్ కాక్ లా వదిలెయ్యనూ లేదు. సుమారు 300 డాలర్లు సొంత డబ్బు పెట్టి పేటెంటుకి వెళ్ళాడు. వచ్చే డబ్బు యూనివర్సిటీ పరిశోధనకే తిరిగి రావాలని 1925లో పూర్వ విద్యార్థుల చేత వార్ఫ్ అనే సంస్థ పెట్టించాడు. అమెరికాలో యూనివర్సిటీ పేటెంట్ల ఆఫీసులకి ఇదే పెద్దన్న. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఈ డబ్బుతోనే అక్కడి లాబుల్లో దీపాలు వెలిగాయి.

వదిలేస్తే ఎవడు పడితే వాడు పనికిమాలిన సరుకు మీద "విటమిన్ డి" అని రాసి అమ్ముతాడు, నాణ్యత చూడాలంటే హక్కు చేతిలో ఉండాలి అని స్టీన్ బాక్ వాదన. బాగానే ఉంది. కానీ ఇంకో కారణం కూడా ఉంది. వెన్నకి పోటీగా వచ్చిన మార్జరీన్ వాళ్ళ చేతికి ఈ పద్ధతి చిక్కకూడదు. పాడి రైతు నష్టపోతాడు. వార్ఫ్ మార్జరీన్ కి లైసెన్సు ఇవ్వలేదు. (విస్కాన్సిన్ లో పసుపు రంగు మార్జరీన్ అమ్మడం 1967 దాకా నేరం. పక్క రాష్ట్రం ఇల్లినాయి వెళ్ళి డిక్కీలో దాచి తెచ్చుకునేవాళ్ళట.) అయితే వెన్న కొనలేక మార్జరీన్ తినేది ఎవరు? పేదవాళ్ళు. రికెట్స్ వచ్చేది ఎక్కువగా ఎవరి పిల్లలకి? వాళ్ళకే. 1940ల్లో ఈ పేటెంటు మీద దావా నడిచినప్పుడు అప్పీలు కోర్టు సరిగ్గా ఈ మాటే ఎత్తిచూపి పేటెంటు చెల్లదంది. స్టీన్ బాక్ దురాశాపరుడని నేననను. ఆయన తనకోసం చేసుకోలేదు. కానీ "రైతు కోసం" అన్న మాట, ఆ రైతుకి ఎదురుగా ఇంకో బీదవాడు నిలబడ్డప్పుడు ఎంత తొందరగా మారిపోతుందో చూడండి.

1933 ఫిబ్రవరి. శనివారం. మంచు తుపాను. దాదాపు 190 మైళ్ళ దూరం నించి ఒక రైతు లారీ వేసుకుని మాడిసన్ వచ్చాడు. లారీలో చచ్చిన పెయ్య, వంద పౌన్ల దాకా పాడైన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి, ఒక పాల క్యాను నిండా నెత్తురు. ఆ నెత్తురు గడ్డకట్టలేదు. ఆవులు లోపల్లోపలే రక్తం కారి చస్తున్నాయి. పశువుల డాక్టరు ఆఫీసు మూసేసి ఉంది. తలుపు తీసి ఉన్నది బయోకెమిస్ట్రీ భవంతి. లోపల కార్ల్ పాల్ లింక్ ఉన్నాడు. ఆ రోజు లింక్ చెప్పగలిగింది ఒకటే: ఆ గడ్డి వెయ్యకు. అంతకుమించి ఆయన దగ్గర ఏం లేదు. రైతు నెత్తురు క్యాను అక్కడ పెట్టి మంచులో తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ గడ్డిలో ఏముందో పట్టుకోవడానికి లింక్ బృందానికి 1939 దాకా పట్టింది. బూజు పట్టిన గడ్డిలో తయారయ్యే డైకూమరాల్ అనే పదార్థం. దాన్నించి ఇంకొన్ని తయారుచేసి, అందులో ఒకదాన్ని 1948లో ఎలకల మందుగా వదిలారు. పేరు వార్ఫరిన్, వార్ఫ్ సంస్థ పేరు మీదే. 1954లో మనుషులకి వాడటానికి అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన ఐసెన్ హోవర్ కి ఇదే ఇచ్చారు. మన ఇళ్ళల్లో గుండె వాల్వు మార్పించుకున్నవాళ్ళుంటే ఈ మందు పేరూ, దాని అన్నదమ్ముల పేర్లూ, నెల నెలా చేయించుకునే ఐఎన్ఆర్ పరీక్షా తెలిసే ఉంటాయి. గోంగూర, తోటకూర ఇష్టమొచ్చినట్టు తినొద్దని డాక్టరు చెప్పేదీ దీనివల్లే. ఆకుకూరల్లో విటమిన్ కె ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది.

ఈ కథ కాలేజీవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం లింక్ తెలివి కంటే ఆ రైతు ధీమా ఆశ్చర్యం. చచ్చిన పెయ్యని లారీలో వేసుకుని, తుపానులో, యూనివర్సిటీకి పోతే జవాబు దొరుకుతుందని ఎందుకనుకున్నాడు? యాభై ఏళ్ళ రైతు సభలూ, షార్ట్ కోర్సులూ ఇచ్చిన ధీమా అది. 1912లో మొదటి కౌంటీ ఏజెంటు మోటార్ సైకిలేసుకుని పొలాల వెంట తిరిగాడు. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి, ఇలా తిరిగేవాళ్ళని యూనివర్సిటీ మనుషులుగానే దేశమంతా పెట్టింది. పొలానికొచ్చేవాడూ లాబులో ఉండేవాడూ ఒకే ఇంటివాళ్ళు. పొలంలో ప్రశ్న లాబుకి చేరడానికి మధ్యలో ఇంకో ఆఫీసు లేదు.

మన దగ్గరికి ఈ మోడలు వచ్చిన సంగతి చాలామందికి తెలీదు. 1960ల్లో అమెరికా సాయంతో ఆరు ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలు మన రాష్ట్రాల్ని పంచుకున్నాయి. మనకి దక్కింది విస్కాన్సిన్ కాదు, కేన్సస్ స్టేట్. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 జూన్ 12న ఏర్పడింది, 1965 మార్చిలో లాల్ బహదూర్ శాస్త్రి ప్రారంభించారు. 1945లో పెట్టిన బాపట్ల కాలేజీ అందులో కలిసింది. కేన్సస్ ప్రొఫెసర్లు రాజేంద్రనగర్ వచ్చారు, మనవాళ్ళు మన్ హాటన్ (న్యూయార్క్ ది కాదు, కేన్సస్ లో ఊరు) వెళ్ళి చదువుకొచ్చారు. బోధన వచ్చింది. పరిశోధన వచ్చింది, బ్రహ్మాండంగా వచ్చింది. సాంబ మసూరికి బీపీటీ 5204 అని ఇంకో పేరు. బీపీటీ అంటే బాపట్ల. 1986లో విడుదలైన ఆ ఒక్క రకం ఎంతమంది కంచాల్లోకి చేరిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడోది, విస్తరణ, పూర్తిగా రాలేదు. ఊళ్ళో రైతు దగ్గరికి వెళ్ళే బాధ్యత చాలావరకు ప్రభుత్వ వ్యవసాయ శాఖ దగ్గరే ఉండిపోయింది. గ్రామసేవకుడు, ఏవో, పథకాలు, విత్తనాల సబ్సిడీ, ఎరువుల కోటా, అన్నీ వాళ్ళ నెత్తినే. సైంటిస్టు ఒక ఇంట్లో, రైతుతో మాట్లాడేవాడు ఇంకో ఇంట్లో. తరవాత ఇంట్లోనే వాటాలు పడ్డాయి. 2005లో పశువైద్యం తిరుపతికి, 2007లో తోటల చదువు వెంకట్రామన్నగూడేనికి, 2014 తరవాత రాష్ట్రాల లెక్కన వ్యవసాయ విశ్వవిద్యాలయమే రెండుగా, ఇటు రంగా గారి పేరు, అటు జయశంకర్ గారి పేరు. గేదె, మేత, మామిడి, వరి ఒకే కమతంలో ఉన్న రైతుకి ఏ గేటు తట్టాలో తెలియాలి. విస్కాన్సిన్ లోనూ అంతా సజావుగా లేదనుకోండి. యూనివర్సిటీ హద్దులే రాష్ట్రం హద్దులు అన్న పాత ఆశయాన్ని 2015లో గవర్నరు బడ్జెట్ చిత్తుప్రతిలోంచి కొట్టేయబోయి, గొడవయ్యాక పొరపాటంటూ వెనక్కి తగ్గారు. 1885 నాటి షార్ట్ కోర్సుని 2023లో మాడిసన్ నించి రివర్ ఫాల్స్ కాంపస్ కి పంపించేశారు.

మన పల్లెలో మిరపకి ఆకుముడత వస్తే రైతు ఇవాళ్టికీ మొదట వెళ్ళేది మందుల కొట్టుకి. ఆకు తుంచి జేబులో వేసుకుని వెళ్తాడు, కౌంటర్ మీద పెడతాడు. కొట్టాయన వెనక్కి తిరిగి రెండు సీసాలు తీస్తాడు. అప్పు కూడా ఆయనే ఇస్తాడు. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. హైదరాబాద్ లో మేనేజ్ అని వ్యవసాయ విస్తరణకే పెట్టిన కేంద్ర సంస్థ ఉంది. వాళ్ళు 2003లో ఆ కొట్టువాళ్ళ కోసమే ఏడాది డిప్లొమా ఒకటి మొదలుపెట్టారు. పురుగులేవో, తెగుళ్ళేవో, ఏ మందు దేనికో నేర్పుతారు. క్లాసులు వారానికొక్క రోజు, ఆదివారమో, సంతకి సెలవు రోజో, కొట్టు మూసి ఉండేటప్పుడు.